పక్క సీటు

కేశవరావు తాళం తిప్పాడు. కారు టక్ టక్ టక్ అని నాలుగుసార్లు గొణిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. ఈసారి రెండే టక్కులు. మూడోసారికి అవీ లేవు. డాష్‌బోర్డ్ మీద దీపాలు ఒక్క క్షణం వెలిగి ఆరిపోయాయి.

"నీ దుంపతెగ," అన్నాడు కారుతో.

అది గురువారం సాయంత్రం. కూతురు నమ్రత ఆరు నెలల తరవాత రేపు మధ్యాహ్నం ఇల్లు చేరుతుంది. ఆదివారం ఇదే కారు వేసుకుని మాడిసన్ బయల్దేరాలి. సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి అక్కడి ఆఫీసులో చేరాలి. శీతాకాలమంతా అరోరా ఊళ్ళో ఈ ఇంటి గరాజ్‌లో ముసుగు తన్ని పడుకున్న ఈ నీలం కారు, సరిగ్గా లేవాల్సిన వేళకి మొండికేసింది.

కారు కదలకపోతే కొంపలేం మునగవు. అద్దె కారు దొరుకుతుంది, లేదంటే భార్య ఉమ దింపి వస్తుంది. రెండున్నర గంటల దారి, అంతేగా! కేశవరావు భయం అది కాదు. కారు కదలలేదని తెలిసిన మరుక్షణం నమ్రత ఫోన్ తీస్తుంది. తీసి, "రాజారావు అంకుల్‌ని పిలుద్దాం" అంటుంది. ఆ ఒక్క మాట ఈసారి తన చెవిన పడకూడదు. నాన్నే బాగు చేశాడు అనిపించుకోవాలి. దానికి అతని చేతిలో నిండా ఒక రోజు కూడా లేదు.

రాజారావు ఇల్లు రెండిళ్ళ అవతల. కరీంనగర్ వైపు మనిషి. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చూసుకుంటాడు గానీ, చేతికి గ్రీజు అంటకపోతే ఆయనకి శనివారం శనివారంలా ఉండదు. వీధిలో ఎవరి గడ్డి కోసే మిషన్ ఆగినా, ఎవరి గరాజ్ తలుపు బిగుసుకుపోయినా ముందు మోగేది ఆయన ఫోనే. మంచివాడు. ఆ మంచితనమే కేశవరావుకి కడుపుమంట. చెడ్డవాడైతే హాయిగా తిట్టుకోవచ్చు కదా! "పిల్లాజెల్లా లేని మనిషి, వారాంతాలన్నీ ఖాళీయే, ఊరి సేవ చెయ్యక ఏం చేస్తాడు?" అని ఉమ దగ్గర ఓసారి నోరు జారాడు. ఉమ చేతిలో గరిటె పక్కన పెట్టి, "ఆ మాట ఇంకోసారి అన్నారంటే బాగుండదు, చెప్తున్నా," అంది. మళ్ళీ అనలేదు. అనుకోవడం మాత్రం మానలేదు.

అసలు గొడవ ఏడేళ్ళ నాటిది. నమ్రతకి పదిహేనేళ్ళు, అప్పుడే లెర్నర్ పర్మిట్ వచ్చింది. గుడి పార్కింగ్ లాట్ ఖాళీగా ఉండే మంగళవారం చూసుకుని కేశవరావే తీసుకెళ్ళాడు. దాన్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి తను పక్క సీట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు ఊరుకుంటేనా! "బ్రేక్! బ్రేక్! అటు కాదు, ఇటు! కళ్ళెక్కడ పెట్టుకున్నావ్? చంపేస్తావా ఏంటి నన్ను?" పిట్ట కూడా లేని లాట్‌లో, గంటకి ఎనిమిది మైళ్ళ వేగానికి, ఇంత గోల. పదకొండు నిమిషాలు ఓర్చుకుంది పిల్ల. తరవాత కారాపి, తాళం అతని ఒళ్ళో పడేసి, గుళ్ళోకి వెళ్ళిపోయి అరగంట దాకా బయటికి రాలేదు.

ఆ సంగతి ఉమ ద్వారా రాజారావు చెవిన పడింది. "నేను నేర్పిస్త తియ్యిన్రి అన్నా, మీరు టెన్షన్ గాకుండ్రి," అన్నాడు. ఆరు వారాలు. ఆరు వారాల్లో నమ్రత హైవే మీద లేన్లు మారుతోంది. లైసెన్స్ చేతికొచ్చిన రోజు తిన్నగా వెళ్ళి రాజారావింటి బెల్లు కొట్టింది. కేశవరావు తన హాలు కిటికీ దగ్గర నిలబడి అంతా చూశాడు. ఆయన రెండు చేతులూ పైకెత్తి గంతులేయడం, ఇది ఎగిరి ఆయన చేతులు చరచడం. తన కూతురి సంబరం తన కిటికీలోంచి, పరాయివాళ్ళ వాకిట్లో, చూడాల్సి వచ్చింది.

అప్పట్నుంచీ అంతే. ఈ నీలం కారు ఎంచి పెట్టింది రాజారావు. ఆయిల్ మార్చడం నేర్పింది రాజారావు. కారులో ఏ చిన్న చప్పుడొచ్చినా అంకుల్, అంకుల్! ఇంట్లో ముగ్గురూ కలిసి ఎక్కడికన్నా వెళ్తే పక్క సీట్లో ఉమ కూర్చునేది, కేశవరావు వెనక సీట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. ఆ పక్క సీటు మళ్ళీ అతనికి దక్కలేదు. అడగడానికి నామోషీ అడ్డొచ్చింది.

గురువారం టక్కుల కారణం అతనికి తెలియక కాదు. బ్యాటరీ చచ్చింది. ఎందుకు చచ్చిందో కూడా తెలుసు. ఆ ‘ఎందుకు’ మీదికి మనసు పోనివ్వకుండా, శుక్రవారం పొద్దున్నే వెళ్ళి కొత్త బ్యాటరీ కొనుక్కొచ్చాడు. ఫోన్‌లో వీడియో పెట్టుకుని, రెంచి జారి రెండుసార్లు వేలు చితక్కొట్టుకుని, ఎలాగో బిగించాడు. దేవుడా అనుకుంటూ తాళం తిప్పాడు.

గర్ గర్ గర్ గర్. ఇంజిన్ తిరిగింది! తిరిగింది గానీ అందుకోలేదు. తిరుగుతుంది, తిరుగుతుంది, ఇదిగో అంటుకుంటోంది అనిపిస్తుంది, చల్లారిపోతుంది.

వీడియోలో గడ్డం కుర్రాడు చెప్పినవన్నీ చేశాడు. పెట్రోలు పాతబడిందేమోనని రెండు క్యాన్లు కొత్తది పోశాడు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి వెలుతురులో పెట్టి చూసి మళ్ళీ గుచ్చాడు. తాళం సగం తిప్పి చెవి ఒగ్గి విన్నాడు, వెనక పంపు జుయ్యిమంటోంది. అంటే పెట్రోలు వస్తోంది. కరెంటు ఉంది. గాలి ఉంది. ఇంకేం కావాలి దీనికి, దండం పెట్టాలా? దండం మాటకి ఎక్కడో చురుక్కుమంది గానీ పట్టించుకోలేదు.

మధ్యాహ్నం ఉమ ఎయిర్‌పోర్ట్ నుంచి నమ్రతని తీసుకొచ్చింది. చిక్కింది పిల్ల. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. వచ్చీ రాగానే గరాజ్‌లోకి తొంగి చూసింది.

"నాన్నా! నా కార్ హౌ ఈజ్ షీ?"

"బ్రహ్మాండం," అన్నాడు కేశవరావు, చితికిన వేలు వెనక్కి పెట్టుకుని. "రేపు చూద్దువులే. ముందు అన్నం తిను."

అన్నం తిని అలిసిపోయి నిద్రపోయింది. అతనికి మాత్రం కునుకు లేదు.

శనివారం తెల్లారకముందే గరాజ్‌లో దూరాడు. ఏప్రిల్ నడిమికి వచ్చినా చలి చంపేస్తోంది. బానెట్ ఎత్తి, టార్చ్ నోట కరుచుకుని, ఇంజిన్ మీదున్న నల్లటి ప్లాస్టిక్ మూత మరలు నాలుగూ విప్పాడు. మూత ఎత్తాడు. ఎత్తి అలాగే నిలబడిపోయాడు.

మూత కింద మెత్తటి గూడు. బానెట్ లోపలి దూది, కాగితం ముక్కలు, ఎండిన బంతిపూల రేకులు, కొబ్బరి పీచు. వాటి నడుమ గుప్పెడు పసుపు బియ్యం. కొన్ని గింజలు సగం కొరికి ఉన్నాయి. పక్కన మూడు సన్నటి తీగలు, పైతొక్క ఒలిచేసి, రాగి తేలి, పుటుక్కున తెగి ఉన్నాయి.

ఎలుకలు. మరి ఆ బియ్యమో?

ఇక మనసుని ఆపడం కేశవరావు తరం కాలేదు. అక్టోబర్‌లో జరిగిందంతా కళ్ళ ముందుకొచ్చింది. కంపెనీ నమ్రతని ఆరు నెలల ట్రైనింగ్‌కి యూరప్ పంపింది. వెళ్ళే ముందు శనివారం అదీ రాజారావూ కలిసి కారుని చలికాలానికి సిద్ధం చేశారు. టైర్లలో గాలి కొట్టారు. పెట్రోల్లో ఏదో మందు కలిపారు. బ్యాటరీ చావకుండా చిన్న చార్జర్ తగిలించి వైరు గోడకి గుచ్చారు. ఎలుకలు రాకుండా పుదీనా నూనెలో తడిపిన గుడ్డసంచులు నాలుగు, ఇంజిన్ చుట్టూ ప్లాస్టిక్ పట్టీలతో కట్టారు. ఇంతసేపూ కేశవరావు కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడ్డాడు. టార్చ్ పట్టుకుంటానని ముందుకి వస్తే, "నాన్నా, నువ్వు లైట్‌కి అడ్డం," అంది కూతురు. అడ్డంట!

నమ్రత విమానం ఎక్కిన నాలుగో రోజు దసరా. వాహన పూజ. ఆ రోజు గరాజ్‌లో రాజారావు లేడు, నమ్రత లేదు, కారు తనకి ఒంటరిగా దొరికింది. బానెట్ ఎత్తగానే గుప్పుమంది పుదీనా. పూజ దగ్గర ఈ పాడు వాసనేమిటని సాకు చెప్పుకుని కత్తెర తెచ్చాడు. సాకే! ఒళ్ళు మండి కత్తిరించాడు. టక్, టక్, టక్, టక్, నాలుగు పట్టీలూ తెంపి సంచులు చెత్తబుట్టలో విసిరేశాడు. కాళ్ళకి అడ్డంగా ఉందని చార్జర్ పీకి సొరుగులో పడేశాడు. మా అమ్మాయి కారుని కాపాడ్డానికి వాడెవడు, దేవుడు లేడూ? నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. హారతి పొగకి స్మోక్ అలారం కుయ్యోమని మొత్తుకుంటే చీపురు కర్రతో పొడిచి నోరు మూయించాడు. ఉమ గుప్పెడు అక్షతలు కలిపిస్తే చాలవని, తనే బియ్యం డబ్బా వంచి గిన్నెడు కలిపాడు. ఇంజిన్ మీద పోశాడు. మిగిలినవి అద్దం కింద సందుల్లో కూరినట్టు చల్లాడు.

"ఏమిటండీ, కారుకి పెళ్ళా?" అంది ఉమ.

"నువ్వూరుకో," అన్నాడు.

ఇదిగో, పెళ్ళి భోజనానికి వచ్చినవాళ్ళు ఆరు నెలలు విడిది చేసి, పోతూ పోతూ తీగలు కొరికి పోయారు.

ఎవరైనా చూసే లోపు ఆ బియ్యం మాయం చెయ్యాలి. అప్పుడు ఎలుకలు వచ్చాయంతే, ఎవరి తప్పూ లేదు, ఎలుకలకి ఆధార్ కార్డులడుగుతామా? వాక్యూమ్ లాక్కొచ్చి గూడంతా పీల్చేశాడు. ఇంజిన్ సందులన్నీ గీకి గీకి పీల్చాడు. వెనక తలుపు చప్పుడైంది.

"నాన్నా, వాట్ ఆర్ యూ డూయింగ్? ఫైవ్ థర్టీకి వాక్యూమా?"

నమ్రత. యూరప్ టైముకి అలవాటు పడ్డ పిల్ల, నాలుగింటి నుంచే మెలకువగా ఉందట. చేతిలో కాఫీ.

"దుమ్మమ్మా," అన్నాడు కేశవరావు తేలు కుట్టిన దొంగలా. "కొంచెం దుమ్ము పట్టింది."

ఆమె లోపల కూర్చుని తాళం తిప్పింది. గర్ గర్ గర్ గర్. మళ్ళీ తిప్పింది. గర్ గర్ గర్. దిగి తండ్రి మొహం చూసింది. చితికిన వేలు చూసింది, కొత్త బ్యాటరీ చూసింది.

"స్టార్ట్ అవ్వట్లేదా? నాకు చెప్పలేదు ఎందుకు?"

"నేను చూస్తున్నానుగా. ఈ పూటకల్లా అయిపోతుంది."

"నాన్నా, రేపు నేను వెళ్ళాలి. అంకుల్‌ని పిలుద్దాం."

అనేసింది. వినకూడదనుకున్న మాట వినిపించేసింది. "ఒక్క పూట ఆగమ్మా," అన్నాడు. ఆ గొంతు అతనికే జాలిగా వినిపించింది. ఆమె అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుంది.

రాజారావు ఏడు కాకముందే వచ్చాడు, పైజామా మీద కోటేసుకుని, చేతిలో పనిముట్ల పెట్టెతో. "ఏం బిడ్డా, గింత చిక్కినవేంది? అక్కడ బువ్వ పెట్టలేదా?" అన్నాడు. నమ్రత వెళ్ళి ఆయన్ని గట్టిగా కావలించుకుంది. నిన్న తనని కూడా కావలించుకుంది. ఇంతసేపా? కేశవరావు లెక్క పెట్టుకున్నాడు. సిగ్గుచేటు గానీ నిజంగానే మనసులో లెక్క పెట్టుకున్నాడు.

"తిప్పు బిడ్డా, ఇందాం." రాజారావు కళ్ళు మూసుకుని విన్నాడు. టార్చ్ వేశాడు. ఐదు నిమిషాలు పట్టలేదు. "ఇగో, దొరికింది. ఎలుకలు. వైర్లు గొరికినయి. ఇవి తెగితే ఇంజిన్‌కి పెట్రోల్ ఎప్పుడియ్యాలెనో తెల్వదు."

"అంటే ఫిక్స్ చెయ్యొచ్చా?"

"ఎందుకు చెయ్యరాదు! రెండు మూడు గంటల పని."

కేశవరావుకి రెండు రోజుల పని, చితికిన వేలు, వాక్యూమ్. ఆయనకి ఐదు నిమిషాలు.

అప్పుడు రాజారావు చెయ్యి ఇంజిన్ పక్కన ఏదో వెతికింది. ఆ చెయ్యి దేనికోసం వెతుకుతోందో కేశవరావుకి తెలుసు. ఒక మూల గొట్టానికి ప్లాస్టిక్ పట్టీ ఒకటి వేలాడుతోంది. కత్తెరతో కోసినట్టు నున్నగా తెగి ఉంది. రాజారావు దాన్ని వేలితో తాకి చూశాడు. తరవాత అద్దం కింద సందులోంచి రెండు గింజలు వేలికొసకి అంటించుకుని పైకి తీశాడు. పసుపు బియ్యం. వాక్యూమ్‌కి అందనివి.

తల తిప్పి కేశవరావు వైపు చూశాడు. చాలాసేపేం కాదు. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. అక్షతలు కింద పారెయ్యకూడదు కదా, ఆ రెండు గింజల్నీ కోటు జేబులో వేసుకున్నాడు.

"తప్పు నాదే బిడ్డా," అన్నాడు నమ్రతతో. "ఆ పుదీనా సంచులు అగ్గువవి దెచ్చిన. నెలకే వాసన పోయుంటది. నడుమల వచ్చి మార్చేదుండె, మర్చిన."

"అయ్యో, ఇట్స్ ఓకే అంకుల్. మీరేం చేస్తారు."

తప్పించుకున్నాడు కేశవరావు. హమ్మయ్య అనుకోవాల్సింది. బియ్యం బయటపడలేదు, కత్తెర బయటపడలేదు, కూతురికి తెలియదు. కానీ గుండెల్లో భగ్గున మంట లేచింది. కారు నేర్పింది వాడు. కారు ఎంచి పెట్టింది వాడు. దాని జబ్బు కనిపెట్టింది వాడు. ఆఖరికి నేను చేసిన వెధవపని కూడా నెత్తిన వేసుకుని గొప్పవాడయ్యేది వాడేనా? నాకు నా తప్పు కూడా మిగలనివ్వడా?

"అబద్ధం!" అని అరిచాడు.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

"ఆ సంచులు కత్తిరించి చెత్తలో పడేసింది నేను. చార్జర్ పీకింది నేను. దసరా పూజని గిన్నెడు బియ్యం పోసి ఎలుకల్ని పిలిచి భోజనం పెట్టింది కూడా నేనే. రాజారావు గారూ, మీరు నా తప్పు నెత్తిన వేసుకోకండి. అది కూడా మీరే చేసేస్తే ఇక నేనెందుకండీ ఈ ఇంట్లో?"

నమ్రత నోరు తెరుచుకుని చూస్తోంది. "వాట్? నాన్నా, వై?"

"కుళ్ళు," అన్నాడు కేశవరావు. చెప్పాక ఆగలేకపోయాడు. "కుళ్ళమ్మా. ఇంకేముంది? ఈ కారు బానెట్ ఎత్తితే ఆయన చేతులే కనిపిస్తాయి నాకు. నీకు లైసెన్స్ వస్తే ఆయన వాకిట్లో గంతులేశావ్, నేను కిటికీలోంచి చూశాను. ఏడేళ్ళుగా వెనక సీట్లో కూర్చుని నీ జడ చూస్తున్నాను. ఇప్పుడు ఆ జడ కూడా కత్తిరించేశావ్."

నమ్రత కాఫీ కప్పు పనిబల్ల మీద పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు పెద్దగా చప్పుడు చేసింది. గుడి లాట్‌లో ఆ రోజు కారు తలుపు కూడా ఇలాగే చప్పుడు చేసింది. అయిపోయింది, అనుకున్నాడు కేశవరావు. ఉన్న కాస్తా నా నోటితో నేనే పోగొట్టుకున్నాను.

రాజారావు మెల్లగా పెట్టె తెరిచాడు. వైర్లు కోసే కత్తి తీశాడు. "అన్నా," అన్నాడు ఇంజిన్ వైపే చూస్తూ, "జర లైట్ పట్టుండ్రి."

కేశవరావు టార్చ్ పట్టుకున్నాడు. రెండున్నర గంటలు పట్టుకున్నాడు. చెయ్యి లాగితే చెయ్యి మార్చుకున్నాడు. "జర మీదికి," "గిటు," "ఆఁ, గట్లనే," తప్ప రాజారావు ఇంకో మాట అనలేదు. తెగిన తీగల కొసలు గీకి, కొత్త ముక్కలు అతికి, నల్లటి టేపు చుట్టాడు. దగ్గర్నుంచి చూస్తే ఆయన చెవుల మీద వెంట్రుకలన్నీ నెరిసిపోయాయి. ఇన్నేళ్ళూ ఇంత దగ్గరగా ఆ మనిషిని చూడనే లేదని కేశవరావుకి తట్టింది.

"ఇగ పిలువుండ్రి బిడ్డను."

నమ్రత వచ్చింది. కళ్ళు కొంచెం ఎర్రగా ఉన్నాయి. ఎవరి వైపూ చూడకుండా లోపల కూర్చుని తాళం తిప్పింది. గర్ గర్, భుర్రుమని అందుకుంది. గరాజంతా ఆ చప్పుడుతో నిండింది. లోపల్నించి ఉమ వంటింటి కిటికీ తీసి, "వచ్చేసిందా?" అని కేకేసింది.

"ఒక చక్కర్ కొట్టొద్దాం పా బిడ్డా," అంటూ రాజారావు గుడ్డతో చేతులు తుడుచుకుని, మామూలుగా, ఏడేళ్ళుగా చేసినట్టే, పక్క సీటు తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"అంకుల్," అంది నమ్రత అద్దం దించి. "థాంక్యూ సో మచ్. కానీ... నాన్న కూర్చుంటాడు."

రాజారావు చెయ్యి పిడి మీద ఒక్క క్షణం ఆగింది. "గంతే గంతే," అని తీసేశాడు. నవ్వుతూనే పక్కకి జరిగాడు.

కేశవరావు నమ్మలేదు. కూతురు పిలిచింది తననేనా అన్నట్టు వెనక్కి చూశాడు కూడా. ఎక్కి కూర్చున్నాడు. బెల్టు పెట్టుకున్నాడు.

"నాకు ఇంకా కోపం ఉంది," అంది నమ్రత ముందుకే చూస్తూ. "నీకు ఈ సీట్ కావాలంటే అడగొచ్చు కదా? సెవెన్ ఇయర్స్, నాన్నా! అడిగితే ఇచ్చేదాన్ని. కానీ ఒక్క రూల్. నువ్వు ఒక్క మాట మాట్లాడితే దింపేస్తా. సీరియస్లీ."

కేశవరావు రెండు పెదాలూ బిగించి తల ఊపాడు.

కారు గరాజ్‌లోంచి వెనక్కి కదిలింది. చెత్తబుట్ట మరీ దగ్గరికొచ్చింది. అతని కుడికాలు లేని బ్రేకుని గట్టిగా తొక్కింది. నోరు మాత్రం తెరవలేదు. బయట చలికి, లోపల ఇద్దరి ఊపిరికి అద్దం మసకబారింది. నమ్రత చెయ్యి చాచి ఫ్యాన్ పూర్తిగా తిప్పింది.

ఎదురుగా ఉన్న జాలీల్లోంచి టపటపటప పసుపు బియ్యం ఎగిరొచ్చింది. ఆమె జుట్టులో, భుజాల మీద, అతని కళ్ళద్దాల మీద. ఎలుకలు దాచుకున్న నిల్వంతా ఫ్యాన్ దాడిలో ఇద్దరి నెత్తిన పడింది. నమ్రత కెవ్వుమని కారాపింది. తండ్రి వైపు తిరిగింది. కేశవరావు పెదాలు ఇంకా బిగించే ఉన్నాడు, మీసం మీద నాలుగు అక్షతలతో. ఆమెకి నవ్వాగలేదు. స్టీరింగ్ మీద తల ఆన్చి నవ్వింది.

అతనూ నవ్వాడు, నోరు తెరవకుండానే. కారు వీధిలోకి తిరిగి ముందుకి సాగింది. పక్క సీట్లోంచి వీధి కొత్తగా ఉంది. కూతురు రెండు చేతులతో స్టీరింగ్ ఎలా పట్టుకుంటుందో ఇన్నాళ్ళకి చూశాడు. గెలిచాననిపించింది. ఆ గెలుపు వాడు కూడా చూస్తున్నాడా అని బయటి అద్దంలోకి చూశాడు.

చూస్తున్నాడు. రాజారావు ఇంకా తమ వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఎప్పుడో శుభ్రపడ్డ చేతుల్ని ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు. కళ్ళు కారు మీదే ఉన్నాయి. ఆ చూపు కేశవరావుకి కొత్త కాదు. ఏడేళ్ళుగా హాలు కిటికీ అద్దంలో తన మొహాన చూసుకున్న చూపే అది.

చెప్పొద్దూ, ముందు సంతోషమే కలిగింది. బాగా అయింది, ఇప్పుడు తెలిసిందా, అనుకున్నాడు. ఆ సంతోషం వీధి చివర స్టాప్ సైన్ దాకా కూడా నిలవలేదు. ఈ పిల్ల రేపు వెళ్ళిపోతే తనకి కూతురు ఫోన్ చేస్తుంది. ఆయనకి, కారులో ఏ లైటో వెలిగితే తప్ప, ఏ వైరో తెగితే తప్ప, ఎవరు చేస్తారు? ఆ నాలుగు సంచులు కత్తిరించినప్పుడు తను దేన్ని తెంపబోయాడో ఇప్పుడర్థమైంది.

"వెనక్కి తిప్పమ్మా," అన్నాడు.

నమ్రత బ్రేక్ వేసింది. "నాన్నా! ఒక్క మాట మాట్లాడితే దింపేస్తానన్నాను."

"దింపేస్తే దింపెయ్. ముందు తిప్పు. ఆయన్ని కూడా ఎక్కించుకుందాం."

ఆమె తండ్రి మొహంలోకి కాసేపు చూసింది. సిగ్నల్ వేసింది.

"వెనక సీట్లో," అన్నాడు కేశవరావు, బెల్టు ఇంకోసారి బిగించుకుంటూ. "వెనక సీట్లో కూర్చోమను."